ఆలస్యమైన ఉత్తరము – శామ్యూల్ మోర్సు జీవితము



ఈ నెల గోడ పత్రికలో మహనీయుల జీవితం అనే శీర్షిక నా వంతుకు వచ్చింది. ఇంతకుముందు మన అక్కలు కొమురం భీం గురించి, సావిత్రిబాయి ఫూలే గురించి, అబ్దుల్ కలాం గారి గురించి రాసినారు. నేను శామ్యూల్ మోర్సు గురించి రాస్తున్నాను. ఈయన మన దేశస్థుడు కాదు, అమెరికా దేశస్థుడు. చనిపోయి నూట యాభై ఏండ్లు దాటింది. మరి ఈయన గురించి నువ్వెందుకు రాస్తున్నవు అని మీరు అడుగుతారు. ముందు అది చెప్పి తర్వాత జీవిత చరిత్రలోకి పోతాను.

ఫిబ్రవరి 28న జాతీయ సైన్సు దినోత్సవం నాడు మన బడికి ఒక పెద్దాయన వచ్చిండు గదా. తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైనాయన. మనమందరం ఆయనను తంతి తాత అన్నాం. ఆయన బట్టసంచిలో నుండి ఒక ఇత్తడి కీ తీసిండు. చిన్న చెక్క మీద బిగించి ఉన్నది. పట్టుకునే దగ్గర నల్లటి గుండీ. ఇంకొక పెట్టెలో పాత రేడియో తెచ్చిండు. దాంట్లో ట్రాన్సిస్టర్లు లేవు, వాల్వులు ఉన్నాయి. అనగా గాజు బుడ్ల లాంటివి. స్విచ్చి వేయగానే అది పలుకదు. బుడ్ల లోపల ఎర్రగా కాలి వేడెక్కాలె. అప్పటిదాకా మనం చేతులు కట్టుకొని కూర్చోవాలె.

సాయంత్రం తాత మిద్దె మీది నుండి వేపచెట్టు దాకా ఒక తీగ కట్టించిండు. చెట్టు ఎక్కి కట్టింది నేనే. రేడియో వేడెక్కినంక మొదట వాన పడ్డట్టు ఒకటే చప్పుడు. తాత గుండీని వెంట్రుకవాసి తిప్పుకుంటపోయిండు. ఆ వాన చప్పుడు లోపలి నుండి కీచురాయి అరిసినట్టు సన్నగా ఒక కూత వచ్చింది. కొంచెం పొట్టిగా, కొంచెం పొడుగ్గా, మళ్ళా పొట్టిగా. తాత కళ్ళు మూసుకొని వింటనే కాగితం మీద ఇంగ్లీషు అక్షరాలు రాసుకుంట పోయిండు. ఆ అక్షరాల ముందు వీ, యూ అని ఉన్నది. అట్ల మొదలైతే ఆ పంపేటాయన మన దేశపు హామ్ అని అర్థమట.

హామ్ అంటే పైసల కోసం కాకుండా ఇష్టం కొద్ది రేడియోలో కబుర్లు పంపుకునేవాళ్ళు. దానికి పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలె. తాతకు లైసెన్సు ఉన్నది. కాని లైసెన్సులో రాసిన చోటు నుండే పంపాలట. అందుకని మన బడిలో వినుడే గాని పంపుడు లేదు. ఇప్పుడు అందరికీ సెల్లు ఉన్నది గదా తాతా, ఈ పాత పెట్టె ఎందుకు అని ఆరో తరగతి చెల్లె అడిగింది. తాతకు కోపం రాలేదు. ఇంట్ల నల్లా ఉన్నదని బాయిల ఈత మానుకుంటమా బిడ్డా అని నవ్విండు.

ఆ రాత్రి తాత ఈ చుక్కలు గీతలు కనిపెట్టిన మోర్సు కథ కొంచెం చెప్పిండు. మోర్సు భార్య చనిపోయిన సంగతి చెప్పినప్పుడు అందరూ విన్నారు. నేను మాత్రం లేచి బయటికి పోయిన. ఎందుకు పోయిననో కొందరికి తెలుసు. తెలియని వాళ్ళకు ఇప్పుడు చెప్తాను.

మాది నాయకపోళ్ళ గూడెం. బీర్పూర్ దిక్కు గుట్టల కింద ఉంటది. నన్ను పెంచింది మా అవ్వ, అంటే మా బాపు తల్లి. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అవ్వకు అక్షరం రాదు గాని నా పుస్తకాల సంచి రోజూ తానే దులిపేది. పోయిన ఏడు వానాకాలంలో, నేను ఎనిమిదిలో ఉండంగ, అవ్వ చనిపోయింది. వాగు వచ్చింది. గాలివానకు సెల్లు సిగ్నలు లేదు. మా బాబాయి తెల్లారి గుట్ట ఎక్కి ఒక ఫోనుకు చేసిండు. ఎత్తినాయన సరే చెప్తా అన్నడు. చెప్పుడు మరిచిపోయిండు. ఆయన పేరు నేను రాయను, మరుపు ఎవరికైనా వస్తది. మూడో రోజు కబురు అందింది. నేను పోయేసరికి మట్టి చేసిండ్రు. మా గూడెంలో పెండ్లికి డోలు దెబ్బ వేరు, చావుకు వేరు. గుట్ట అవతలి వాళ్ళు గూడ ఆ దెబ్బ విని వచ్చిండ్రు. కొడిమ్యాలలో ఉన్న నాకు ఆ డోలు వినపడలేదు.

అందుకని మోర్సు కథ నాకు పుస్తకం కథ లాగ అనిపించలేదు. లైబ్రరీలో దొరికింది చదివి, సైన్సు సారును అడిగి తెలుసుకొని ఇది రాస్తున్నాను.

బాల్యము – చదువు

శామ్యూల్ ఫిన్లీ బ్రీస్ మోర్సు 1791 సంవత్సరం ఏప్రిల్ 27న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో చార్లెస్‌టౌన్ అనే ఊరిలో జన్మించెను. తండ్రి జెడిడయా మోర్సు చర్చి బోధకుడు. భూగోళ శాస్త్ర పుస్తకాలు రాసి ఆ దేశంలో పేరు తెచ్చుకున్నవాడు. శామ్యూల్ ఇంట్లో పెద్ద కొడుకు. అంటే మన లాగ మొదటిసారి బడి చూసిన ఇల్లు కాదు, పుస్తకాల నడుమ పుట్టిన పిల్లగాడు.

యేల్ అనే కళాశాలలో చదివి 1810లో డిగ్రీ పొందినాడు. అక్కడ విద్యుత్తు మీద చెప్పిన పాఠాలు ఆసక్తిగా విన్నాడు. కాని ఆయన మనసు బొమ్మల మీదనే. ఏనుగు దంతపు బిళ్ళల మీద మనుషుల ముఖాలు చిన్నగా గీసి అమ్మి ఖర్చులు వెళ్ళదీసుకున్నాడు. 1811లో ఇంగ్లండు పోయి రాయల్ అకాడమీలో చిత్రలేఖనం నేర్చుకొని 1815లో తిరిగి వచ్చినాడు. కాబట్టి చెల్లెళ్ళారా, తంతిని తయారుచేసిన మోర్సు మొదట ఇంజనీరు కాదు, బొమ్మలు గీసేటాయన. ఇది చదివి నాకు చాలా ఆశ్చర్యము కలిగింది.

ఆలస్యమైన ఉత్తరము

1818లో ఆయనకు లుక్రీషియా అనే ఆమెతో వివాహమైనది. ఊరూరు తిరిగి ధనవంతుల బొమ్మలు గీస్తేనే ఇల్లు గడిచేది. అందుకని నెలల తరబడి భార్యాపిల్లలకు దూరంగా ఉండేవాడు. మన అమ్మానాన్నలు పత్తి ఏరుటకు, ఇటుక బట్టీలకు పోయినట్టే.

1825లో ఒక గొప్ప అవకాశం వచ్చింది. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో సాయం చేసిన ఫ్రెంచి వీరుడు లఫాయెత్ బొమ్మ గీయమని న్యూయార్కు నగరం వారు అడిగినారు. దాని కోసం మోర్సు వాషింగ్టన్ పోయినాడు. భార్య న్యూ హేవెన్ అనే ఊరిలో ఉన్నది. అప్పటికి ఆమె బిడ్డను కని కొన్ని వారాలే అయినది. ఫిబ్రవరి 7న ఆమె అకస్మాత్తుగా మరణించెను. వయసు 25 ఏండ్లు.

ఆ కబురు రాసి తండ్రి ఉత్తరం వేసినాడు. రెండు ఊర్ల నడుమ సుమారు 480 కిలోమీటర్లు. ఉత్తరం గుర్రపు బండ్ల మీద పోవాలి. ఆమె చనిపోయిందని తెలియక మోర్సు రంగులు కలుపుకుంటూ బొమ్మ గీస్తూనే ఉన్నాడు. ఉత్తరం అందినంక పని వదిలి బయలుదేరినాడు. రాత్రింబగళ్ళు ప్రయాణం చేసి ఇల్లు చేరేసరికి ఆమెను పూడ్చిపెట్టినారు. ముఖం చూచుట దొరకలేదు.

ఈ దుఃఖం నుండే ఆయన తంతి కనిపెట్టినాడని కొందరు చెప్తారు. నిజానికి ఆ ఆలోచన వచ్చింది ఏడేండ్ల తర్వాత. మనసులో ఉన్న బాధ ఎప్పుడు ఏ పనిగా మారుతదో మనకు తెలియదు. కాని నేను అనుకునేది ఏమంటే, కబురు ఆలస్యమైతే ఎట్లుంటదో అప్పటికే తెలిసిన మనిషికి, ఓడలో ఆ మాట వినపడ్డప్పుడు అది ఊరికే మాట లాగ వినపడి ఉండదు.

ఓడలో వచ్చిన ఆలోచన

ఆ ఓడ సంగతి చెప్తాను. భార్య పోయిన తర్వాతి సంవత్సరాల్లో ఆయన తండ్రి, తల్లి కూడా చనిపోయినారు. మోర్సు 1829లో ఐరోపాకు పోయి బొమ్మలు గీసుకుంటూ తిరిగినాడు. 1832లో సల్లీ అనే ఓడలో తిరిగి వస్తున్నాడు. ఆ ఓడలో చార్లెస్ జాక్సన్ అనే డాక్టరు విద్యుదయస్కాంతం గురించి మాట్లాడినాడు. విద్యుత్తు ఎంత పొడుగు తీగలోనైనా క్షణంలో పరుగెత్తుతుందని మాటల్లో వచ్చింది. అట్లయితే ఆ విద్యుత్తుతోటే కబురు పంపవచ్చు గదా అని మోర్సుకు తోచింది. ఓడ రేవు చేరకముందే తన నోటుపుస్తకంలో బొమ్మలు వేసుకున్నాడు.

సారు మనకు క్లాసులో మేకుకు రాగి తీగ చుట్టి బ్యాటరీ పెట్టి చూపించిండు, గుర్తున్నదా? కరెంటు పోయినప్పుడు మేకు అయస్కాంతమై గుండుసూదులను పట్టుకున్నది. కరెంటు తీస్తే విడిచిపెట్టింది. మోర్సు యంత్రం అదే. ఈ ఊరిలో కీ నొక్కితే ఆ ఊరిలో ఉన్న మేకు అయస్కాంతమై ఒక ఇనుప ముక్కను లాగుతది. దానికి కట్టిన పెన్సిలు కదిలే కాగితం మీద గుర్తు పెడుతది.

పేదరికము – ప్రయత్నము

మోర్సు న్యూయార్కు విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం బోధించేవాడు గాని సరియైన జీతం లేదు. బొమ్మలు గీసే గదిలోనే పండుకునేవాడు. తన పేదరికం ఎవరూ చూడకూడదని తిండి సామాను రాత్రిపూట తెచ్చుకొని తానే వండుకునేవాడు. ఇది చదివినప్పుడు నాకు ఆయన దగ్గరివాడు అనిపించింది. మనలో కూడా ఇంటి నుండి వచ్చిన డబ్బా తెరవకుండా దాచుకునేవాళ్ళం ఉన్నాము.

కొత్త సామాను కొనుటకు పైసలు లేవు. బొమ్మల గుడ్డ బిగించే చెక్క చట్రము తీసుకొని, పాత గడియారం చక్రాలు పెట్టి మొదటి యంత్రం చేసినాడు. అది ఇప్పటికీ అమెరికా మ్యూజియంలో భద్రముగా ఉన్నది.

యంత్రం దగ్గర దగ్గర ఉంటే పనిచేసింది. తీగ పొడుగు చేస్తే కరెంటు బలం తగ్గి పనిచేయలేదు. అప్పుడు లియోనార్డ్ గేల్ అనే రసాయన శాస్త్ర ప్రొఫెసరు సాయం చేసినాడు. జోసెఫ్ హెన్రీ అనే శాస్త్రవేత్త అంతకుముందే కనుగొన్న పద్ధతి చెప్పి, బ్యాటరీలు పెంచి, తీగ చుట్లు పెంచమన్నాడు. నడుమ నడుమ రిలేలు పెట్టినారు. రిలే అంటే అలిసిన వాని చేతిలో నుండి కట్టె అందుకొని కొత్తవాడు ఉరికినట్టు. అలిసిన కరెంటు ఒక కొత్త బ్యాటరీని పలికిస్తది, అది ముందుకు పోతది. ఇట్ల 16 కిలోమీటర్ల తీగలో కబురు పోయింది.

ఆల్ఫ్రెడ్ వెయిల్ అనే యువకుడు వచ్చి కలిసినాడు. ఆయన తండ్రికి ఇనుప కార్ఖానా ఉండేది. 1838 జనవరిలో ఆ కార్ఖానాలో 3 కిలోమీటర్ల తీగను గది చుట్టూ తిప్పి కబురు పంపి చూపించినారు. తర్వాత వాషింగ్టన్ పోయి ప్రభుత్వం ముందు చూపించినారు. అందరూ మెచ్చుకున్నారు గాని పైసలు మాత్రము ఇవ్వలేదు. ఇంతలో ఇంగ్లండులో కుక్, వీట్‌స్టన్ అనే ఇద్దరు వేరే రకం తంతి తయారుచేసినారు. 1840లో మోర్సుకు పేటెంటు దొరికింది గాని జేబు ఖాళీ.

1843లో మళ్ళీ ప్రభుత్వాన్ని అడిగినాడు. సభలో కొందరు ఎగతాళి చేసినారు. ఓట్లు లెక్కబెడితే ఇయ్యమన్నవాళ్ళు 89 మంది, వద్దన్నవాళ్ళు 83 మంది. కేవలం ఆరు ఓట్ల తేడాతో 30,000 డాలర్లు మంజూరైనవి. ఓడలో ఆలోచన వచ్చి అప్పటికి పదకొండేండ్లు. ఒక్క ఏడు ఫెయిలైతే బడి మానేస్తాం అనే వాళ్ళు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలని నా మనవి.

1844 మే 24

వాషింగ్టన్ నుండి బాల్టిమోర్ దాకా సుమారు 64 కిలోమీటర్లు తంతి వేయాలి. మొదట తీగను సీసపు గొట్టాల్లో పెట్టి భూమిలో పూడ్చినారు. అది చెడిపోయింది. సగం పైసలు మట్టిలో పోయినట్టే. అప్పుడు కట్టె స్తంభాలు పాతి వాటి మీద తీగ లాగినారు. ఆ తర్వాత ప్రపంచమంతటా తంతి స్తంభాలు వచ్చినవి.

తీగ ఇంకా సగంలో ఉండంగనే, 1844 మే 1న, బాల్టిమోర్‌లో జరిగిన ఒక పార్టీ సభ ఎవరిని ఎన్నుకున్నదో ఆ కబురు రైలు కన్నా ముందే వాషింగ్టన్ చేరింది. రైలు దిగినవాళ్ళు కొత్త సంగతి చెప్దామని వస్తే అది అప్పటికే పాతదైపోయింది. మే 24న పూర్తి తంతి ప్రారంభమైనది. ఆనీ ఎల్స్‌వర్త్ అనే అమ్మాయి ఎంచి ఇచ్చిన బైబిలు వాక్యాన్ని మోర్సు పంపినాడు. బాల్టిమోర్‌లో వెయిల్ దాన్ని అందుకొని అదే వాక్యం తిరిగి పంపినాడు. కబురు పోవుట ఒక్కటే చాలదు, అందింది అని తిరిగి కబురు రావాలి. ఇది తంతి తాత మాటిమాటికి చెప్పిన సంగతి.

చుక్క – గీత

మొదట మోర్సు అంకెలు మాత్రమే పంపేవాడు. ఏ అంకెకు ఏ మాటో పెద్ద పుస్తకంలో వెతకాలి. అది కష్టమని తర్వాత ప్రతి అక్షరానికి గుర్తు పెట్టినారు. ఈ పనిలో వెయిల్ పాలు కూడా ఉన్నది. అచ్చు ఆఫీసులో ఏ అక్షరం దిమ్మలు ఎక్కువ ఉంచుకుంటారో లెక్క చూసి, ఎక్కువ వాడే అక్షరాలకు పొట్టి గుర్తులు ఇచ్చినారు. అందుకనే ఈ అనే ఇంగ్లీషు అక్షరానికి ఒక్కటే చుక్క, టీ అక్షరానికి ఒక్కటే గీత. ఆ తర్వాత ఐరోపాలో కొన్ని గుర్తులు మార్చినారు. 1865లో ఒప్పుకున్న ఆ పద్ధతినే ఇప్పుడు హామ్‌లు వాడుతున్నారు.

గీత మూడు చుక్కలంత పొడుగు ఉండాలి. అక్షరానికి అక్షరానికి నడుమ మూడు చుక్కలంత ఆగాలి. మాటకు మాటకు నడుమ ఏడు చుక్కలంత ఆగాలి. అంటే దీంట్లో చప్పుడు ఎంత ముఖ్యమో ఆగుడు కూడా అంతే ముఖ్యము. డోలు కొట్టే మా మామ కూడా ఇదే మాట చెప్తడు.

మొదట్లో కాగితం మీద గుర్తులు చూసి చదివేవాళ్ళు. కొన్నాళ్ళకు పనిచేసేవాళ్ళు యంత్రం టక్ టక్ చప్పుడు వినే రాసుకొనుట నేర్చినారు. కన్ను చేసే పని చెవి నేర్చింది. ఆ తర్వాత మార్కోనీ తీగ లేకుండా రేడియోలో ఇవే చుక్కలు గీతలు పంపినాడు. 1912లో టైటానిక్ ఓడ మునిగిపోతున్నప్పుడు దాంట్లోని రేడియో మనుషులు మోర్సు పద్ధతిలోనే సాయం అడిగినారు. ఆ కబురు విన్న కార్పేథియా అనే ఓడ వచ్చి సుమారు 700 మందిని కాపాడింది. ఆపదలో పంపే గుర్తు మూడు చుక్కలు, మూడు గీతలు, మూడు చుక్కలు. ఇది అందరూ నేర్చుకోండి. టార్చిలైటుతో కూడా పంపవచ్చు.

ఆయన చేసిన తప్పు

ఇక్కడిదాకా రాసి నేను కలం పక్కన పెట్టిన. ఎందుకంటే ఇంకొక సంగతి తెలిసింది. మోర్సుకు కాథలిక్ మతస్థులన్నా, వేరే దేశాల నుండి వచ్చినవాళ్ళన్నా గిట్టదు. 1836లో ఆ మాటల మీదనే న్యూయార్కు మేయరు పదవికి నిలబడి ఓడిపోయినాడు. అంతకన్నా పెద్ద తప్పు, నల్లజాతి వారిని బానిసలుగా ఉంచుకొనుట తప్పు కాదని ఆయన వాదించినాడు. 1863లో, దేశం ఆ విషయం మీదనే యుద్ధం చేస్తున్నప్పుడు కూడా, బానిసత్వం దేవుడు ఒప్పుకున్నదే అని పుస్తకం రాసినాడు. 1865లో ఆ దేశంలో బానిసత్వం రద్దయింది.

రెండు రోజులు నేను ఏమీ రాయలేదు. మనుషులలో ఎక్కువ తక్కువ ఉన్నదని చెప్పినాయన గురించి నాయకపోళ్ళ పిల్ల ఎందుకు రాయాలి? ఆయన ముందు నేను పోయి నిలబడితే నన్ను ఎక్కడ కూర్చోబెట్టునో నాకు తెలుసు. పేరు మార్చి వేరే ఎవరి గురించైనా రాస్తా అని సారును అడిగిన. సారు వద్దు అనలేదు, రాయి అని కూడా అనలేదు. దాచిపెట్టి రాస్తే అది జీవిత చరిత్ర కాదు, పొగడ్త అవుతది అన్నడు. అందుకని రెండూ రాస్తున్నాను.

నాకు అర్థమైంది ఇది. భార్య ముఖం చూడలేకపోయిన బాధ ఆయనకు తెలుసు. కాని సంతలో అమ్మబడి పిల్లలకు దూరమైన బానిస తల్లికి కూడా అదే బాధ ఉంటదని ఆయన మనసుకు అందలేదు. ఎంత దూరమైనా కబురు పంపే తంతి చేసినాయనకు, పక్కనున్న మనిషి కబురు వినపడలేదు. చుక్కకు గీతకు మాత్రం కులము లేదు. కీ నొక్కే చెయ్యి నిదానమా తొందరా అన్నది చప్పుడులో తెలుస్తదట గాని, ఆ చెయ్యి ఎవరిదో ఏ గూడెందో తెలియదట. మోర్సు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆయన చేసిన పని అందరిదీ అయినది.

చివరి దినములు

తంతి దేశమంతా పాకింది. కోర్టు కేసులు చాలా నడిచినవి. 1854లో అమెరికా పెద్ద కోర్టు ఆయన పేటెంటును సమర్థించింది. 1858లో ఐరోపా దేశాలు కొన్ని కలిసి 4,00,000 ఫ్రాంకులు బహుమానంగా ఇచ్చినవి. పేదరికం పోయింది. కాని సాయం చేసినవాళ్ళకు తగినంత పేరు దక్కలేదు. హెన్రీతో ఆయన తగువు పడినాడు. వెయిల్ 1859లోనే చనిపోయినాడు.

1871లో న్యూయార్కు సెంట్రల్ పార్కులో ఆయన విగ్రహం పెట్టినారు. ఆ రాత్రి ముసలి మోర్సు చివరిసారి కీ మీద చెయ్యి పెట్టి తన పేరు కొట్టి అందరికీ వీడ్కోలు చెప్పినాడు. 1872 ఏప్రిల్ 2న, 80 ఏండ్ల వయసులో న్యూయార్కులో పరమపదించెను.

మన దిక్కు

మన దేశంలో 1855 నుండి ప్రజలందరూ తంతి పంపుకునే వీలు కలిగింది. తంతి వచ్చిందంటే చదవకముందే ఇంట్లో ఏడ్సేటోళ్ళని తాత చెప్పిండు. ఎందుకంటే ఎక్కువగా చావు కబుర్లే వచ్చేవి. 2013 జూలైలో తంతి సేవ ఆగిపోయింది. అప్పుడు నేను చిన్నపిల్లను.

కాని హామ్‌లు మోర్సు విడువలేదు. హైదరాబాదులో 1983లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ ఉన్నది. ఆ సంస్థ నుండి భారతీ ప్రసాద్ గారు అనే ఆమె 2004 డిసెంబరులో హామ్ రేడియో తీసుకొని అండమాన్ దీవులకు పోయినారు. డిసెంబరు 26న సునామీ వచ్చింది. అప్పుడు ఆమె పోర్ట్ బ్లెయిర్ నుండి రేడియోలో కబుర్లు పంపినారు. మనవాళ్ళు బతికి ఉన్నారా లేదా అని ఎదురుచూసిన ఇండ్లకు ఆ కబురు ఎంత విలువైనదో నేను ఊహించగలను. ఒక ఆడమనిషి ఆ పని చేసిందని తెలిసి నాకు ధైర్యం వచ్చింది. నేను కూడా పరీక్ష రాసి లైసెన్సు తీసుకుంటాను.

నా మనవి

ఇప్పుడు వార్డెన్ మేడం గారికి ఒక మనవి. అన్నం తిన్నంక మేము చెంచాతో కంచం మీద కొట్టే చప్పుడు అల్లరి కాదు మేడం, మోర్సు అభ్యాసము. ఎనిమిది గంటలకు చదువు బెల్లు కొట్టగానే ఆపేస్తాము.

రెండో మనవి. హామ్‌లు ప్రతి కబురును ఒక పుస్తకంలో రాస్తారు. ఏ తారీఖు, ఎన్ని గంటలకు, ఎవరి నుండి అని. దాన్ని లాగ్ పుస్తకం అంటారు. మన హాస్టలులో కూడా ఫోను దగ్గర అట్లాంటి పుస్తకం ఒకటి పెట్టాలని నా కోరిక. ఏ ఇంటి నుండి కబురు వచ్చినా, ఎత్తినవాళ్ళు టైము వేసి రాయాలి. ఆ పిల్లకు చెప్పినంక పిల్ల సంతకం చేయాలి. ఇంటివాళ్ళకు అందింది అని తిరిగి చెప్పాలి. ఒక వంద పేజీల నోటుపుస్తకం నా దగ్గర ఉన్నది. గీతలు కొట్టి సిద్ధం చేసిన. మేడం ఒప్పుకుంటే ఇస్తాను. మరుపుకు మందు రాసిపెట్టుకొనుటే.

చివరగా, తాత పోయేముందు మనందరికీ కీ మీద ఒక మాట కొట్టుకొమ్మని చెప్పిండు. చాలామంది తమ పేరు కొట్టినారు. నేను ఇంగ్లీషు అక్షరాల్లో అవ్వ అని కొట్టిన. చుక్క గీత. మూడు చుక్కలు గీత. మూడు చుక్కలు గీత. చుక్క గీత. మొదటిసారి తప్పు వచ్చింది, రెండోసారి సరిగ్గా వచ్చింది. తాత విని, తలూపి, తిరిగి అదే మాట కొట్టిండు.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి, కొడిమ్యాల.